ఇంటి కూడికలో కృప గురించి చెప్పడం: ఎఫెసీ 2:1-10తో 25 నిమిషాలు

ఇంటి ప్రార్థన కూడికలో రక్షణ గురించి వాక్యం చెప్పమంటే చాలామంది ఆదికాండం నుంచి ప్రకటన దాకా తిరగేస్తారు. అంత అక్కర్లేదు. పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో మొదటి 10 వచనాలు చాలు. పాపం, కృప (అర్హత చూడకుండా దేవుడు చూపే దయ), విశ్వాసం, క్రియలు (మనం చేసే పనులు) నాలుగూ అక్కడే ఉన్నాయి, ఉండాల్సిన వరుసలో ఉన్నాయి. సందేశం సాధారణంగా రెండు చోట్ల చెడుతుంది. మొదట్లో పాపాన్ని తేలిక చేసినప్పుడు, చివర్లో కృపకు షరతులు తగిలించినప్పుడు. రెండోదే ఎక్కువ.

కూడిక గురువారమైతే సోమవారమే మొదలుపెట్టండి. మొదటి రెండు రోజులు వ్యాఖ్యానాల జోలికి, యూట్యూబ్ ప్రసంగాల జోలికి పోవద్దు. రోజుకు మూడు నాలుగు సార్లు ఆ 10 వచనాలు పైకి చదవండి. తర్వాత తెల్లకాగితం మీద చేత్తో రాసుకుని, దేవుడు చేసిన పనుల కింద గీత గీయండి, మనుషులు చేసినవాటికి సున్నా చుట్టండి. 1వ వచనం చివరి మాట తప్పిస్తే 1-3 వచనాల్లో సున్నాలే సున్నాలు: నడుచుకున్నాం, కోరికలు తీర్చుకున్నాం. 4-7లో బ్రతికించడం, లేపడం, కూర్చోబెట్టడం అన్నీ ఆయనవే. ఆ కాగితమే మీ నోట్సు, ఇంకోటి రాయొద్దు.

బైబిలు తెరిపించి చదివించే పక్క వచనాలు మూడుకు మించకూడదు. కళ్లజోడు వెతుక్కుని, పేజీ తిప్పుకుని, పక్కవాళ్లకు చూపించేసరికి ఒక్కో వచనానికి నిమిషం పోతుంది. లూకా 18:9-14, రోమా 3:23-24, రోమా 6:1-2 సరిపోతాయి. సమయం ఇలా పంచుకోండి: చదవడానికి 3 నిమిషాలు, 1-3 వచనాలకు 8, 4-7కి 7, 8-9కి 5, 10వ వచనానికి 2. పాటలు పొడుగై మీకు 15 నిమిషాలే మిగిలితే అన్నిట్లోనూ కోసుకోండి కానీ 1-3 మాత్రం ఎగరగొట్టొద్దు. 1వ వచనం చివర్లోనే ‘బ్రదికించెను’ అని వచ్చేస్తుంది కాబట్టి అక్కడికి దూకేయాలనిపిస్తుంది. దూకితే, ఎవరిని బ్రతికించారో ఎందుకు బ్రతికించాల్సి వచ్చిందో వినేవాళ్లకు అర్థం కాదు.

పాపం గురించి చెప్పేటప్పుడు మనవాళ్లు చేసే మొదటి తప్పు జాబితా చదవడం. తాగుడు, పేకాట, సినిమాలు. కూడికకు వచ్చినవాళ్లలో చాలామందికి ఆ అలవాట్లు ఉండవు, ఉన్నవాళ్లు వీధి అరుగు మీద ఉంటారు. దాంతో ముందు వరుసలో కూర్చున్నవాళ్లు ‘మా మరిది వింటే బాగుండు’ అనుకుంటూ వింటారు. అది అచ్చంగా లూకా 18లో ‘నేను ఇతరుల్లాంటివాణ్ని కాను’ అన్న పరిసయ్యుడి ప్రార్థన. పౌలు 3వ వచనంలో శరీర కోరికలతోపాటు మనస్సు కోరికలనూ లెక్కేశాడు, ‘మనమందరమును’ అని తనను కూడా కలుపుకున్నాడు. యూదుడు, ధర్మశాస్త్రం తెలిసినవాడు, అయినా అన్యజనుల పక్కన నిలబడ్డాడు. కాబట్టి మీరూ ‘మీరు’ అనకండి, ‘మనం’ అనండి. ఉదాహరణలు గదిలో ఉన్నవాళ్లకు తగిలేవి తీసుకోండి: పెళ్లి సంబంధం దగ్గర కులం అడగడం, కట్నానికి ‘కానుక’ అని పేరు పెట్టడం, అన్నదమ్ముల పొలం గట్టు జరపడం, పొరుగువాళ్ల పిల్లకు మంచి ర్యాంకు వస్తే కడుపులో మండడం. రెండు చాలు. మూడోది చెప్పేసరికి అదీ జాబితా అయిపోతుంది.

ఇంకో హెచ్చరిక. కూడిక జరిగే ఇంట్లో జబ్బుమనిషి ఉంటే, అప్పులుంటే, ఆ కష్టాన్ని ఎవరి పాపానికీ ముడిపెట్టొద్దు. పుట్టుగుడ్డివాడి విషయంలో శిష్యులు అదే అడిగితే, వీడైనా వీని కన్నవారైనా కారణం కాదన్నాడు యేసు (యోహాను 9:1-3). మీరు అననక్కర్లేదు, మీ గొంతులో ఆ ఛాయ వినిపించినా ఆ ఇల్లాలు వారమంతా ఏడుస్తుంది.

నీళ్లలో మునిగేవాడికి తాడు విసరడం అనే ఉదాహరణ ప్రసంగాల్లో బాగా నలిగింది. ఈ భాగానికి అది పనికిరాదు. తాడు పట్టుకునే చెయ్యి ఇంకా ఆడుతోందని అది చెబుతుంది, పౌలు మాత్రం ‘చచ్చినవారు’ అంటున్నాడు. ఉదాహరణ కావాలంటే యోహాను 11లో యేసు పిలిచి లేపిన లాజరును తీసుకోండి. నాలుగు రోజుల శవం, పిలుపు బయటి నుంచి వచ్చింది, ఆ పిలుపే లేవగలిగే ప్రాణాన్నీ ఇచ్చింది.

‘విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు’ అనే 8వ వచనం దగ్గర విశ్వాసాన్నే ఒక కొత్త క్రియగా మార్చే ప్రమాదం ఉంది. ‘గట్టిగా నమ్మితేనే’ అన్న మాట నోట రాకుండా చూసుకోండి. నమ్మకం బలహీనంగా ఉన్నవాళ్లు ఆ మాట వినగానే తమ నమ్మకాన్ని తూకం వేసుకోవడం మొదలుపెడతారు. మార్కు 9:24లో కొడుకును బాగుచేయమని యేసును వేడుకున్న తండ్రి సగం నమ్మకంతోనే వచ్చాడు, బిడ్డ బాగయ్యాడు. చూడాల్సింది నమ్మకం ఎంత ఉందని కాదు, ఎవరి మీద ఉందని. ఇక్కడ ఆగి అందరిచేత 8వ వచనం మూడుసార్లు పలికించండి. చదువు రాని పెద్దవాళ్లకు ఇంటికి తీసుకెళ్లడానికి మిగిలేది అదే.

క్రైస్తవులు కాని ఇరుగుపొరుగు వచ్చి ఉంటే వాళ్ల పూజల ప్రస్తావన ఎత్తొద్దు. పాపపుణ్యాల లెక్క అందరికీ తెలిసిందే, క్రైస్తవ ఇళ్లలోనూ అదే లెక్క నడుస్తోంది: ఆదివారం మానలేదు, దశమభాగం ఇచ్చాను, కాబట్టి దేవుడు నా కొడుక్కి ఉద్యోగం ఇవ్వాలి. ఈ లెక్కను మన ఇంట్లోంచే చూపించండి.

10వ వచనంలో సత్క్రియలు వస్తాయి, రక్షణ తర్వాత వస్తాయి. ‘కృపే అయితే ఇష్టమొచ్చినట్టు బతకొచ్చా?’ అని యువకులెవరైనా అడిగితే కసరకండి. పౌలు కూడా ఆ ప్రశ్నను ఎదుర్కొన్నాడు, రోమా 6:1-2 చదివించండి. వరుస చూపించడానికి, అన్యాయంగా డబ్బు గుంజిన సుంకరి జక్కయ్య బాగుంటాడు. ‘నేడు నీ యింట ఉండాలి’ అని యేసు అన్న మాట లూకా 19:5లో ఉంది, నాలుగంతలు తిరిగి ఇస్తానని జక్కయ్య అన్నది 8వ వచనంలో. అతను డబ్బు తిరిగిచ్చేదాకా యేసు ఆగలేదు, ముందే వస్తానన్నాడు.

ప్రశ్నల్లో సంఘాల మధ్య తేడాలు తప్పకుండా వస్తాయి: చిన్నపిల్లల బాప్తిస్మం, రక్షణ పోతుందా పోదా. ఇవి ఇంటి కూడికలో తేలేవి కావు, మీ సంఘకాపరి దగ్గరికి పంపండి. ‘కథోలికులైతే క్రియలవల్ల రక్షణ అంటారు’ అని నోరుజారొద్దు. మనిషి కృప లేకుండా దేవుని వైపు మొదటి అడుగైనా వేయలేడని పశ్చిమ సంఘం (రోమా పక్షపు సంఘం) 529లోనే, ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆరెంజ్ పట్టణపు సభలో తీర్మానించింది. లూథరన్లు, కథోలికులు 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో నీతిమంతులుగా తీర్చబడడం మీద ఉమ్మడి ప్రకటనకు సంతకాలు చేశారు. తేడాలన్నీ తీరలేదు కానీ ఆ పాత నింద ఇక చెల్లదు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ అడుగుపెట్టిన గుంటూరు లాంటి ఊళ్లో ఈ రెండు సంఘాలవాళ్లూ ఒకే వీధిలో ఉంటారు, ఒకే చాప మీద కూర్చుని వింటారు కూడా.

ఇక ఆఖరి 5 నిమిషాలు. ‘రక్షణ ఉచితం’ అన్న వెంటనే కానుక సంచి తిరిగితే, అంతకుముందు చెప్పినదంతా ఆ సంచిలో పడిపోతుంది. కానుక పాటల మధ్యలో, వాక్యానికి ముందే పట్టించండి. చేతులెత్తించి లెక్కపెట్టడం మానండి. అలా ఎత్తిన చేతుల్లో కొన్ని మొహమాటంతో లేచినవి, వారం తిరిగేసరికి ‘నాకు నిజంగా రక్షణ ఉందా’ అన్న దిగులు వాళ్లకే మిగులుతుంది. ‘ఉపవాసం ఉండండి, నగలు తీసేయండి’ లాంటి సలహాలు కూడా ఈ నిమిషాల్లో వద్దు. ‘దేవా, పాపినైన నన్ను కరుణించుము’ అని లూకా 18లో పరిసయ్యుడి పక్కన కనిపించే సుంకరి (పన్ను వసూలుచేసేవాడు) చేసిన ప్రార్థనే అందరితో కలిసి మెల్లగా ఒక్కసారి పలికి ముగించండి.

ఎవరైనా ఆగి మాట్లాడాలంటే వరండాలోకి రండి. గుంపులో పాపాలు ఒప్పించొద్దు, అది రేపు ఊరంతా తిరుగుతుంది. స్త్రీలతో పెద్దావిడ ఒకరు మాట్లాడడం మంచిది. భర్త కొడుతున్నాడని ఎవరైనా చెబితే ‘క్షమించాలి కదమ్మా’ అని తిరిగి పంపడానికి ఈ వాక్యాన్ని వాడకండి. ముందు ఆమెకు ఆ రాత్రి భద్రమైన చోటు చూడండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయించండి, పాస్టరు గారికి ఆమె ఒప్పుకున్నాకే చెప్పండి.