లావెక్కిన భయస్తు పిల్లికూనలు, నా టెన్షన్ ఎలా తగ్గిందంటే

మా రెండు పిల్లికూనలకి ఎనిమిదో నెల. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక బాగా లావెక్కాయి, పైగా కుక్కర్ విజిల్ వేసినా కాలింగ్ బెల్ మోగినా మంచం కిందకి దూరిపోతాయి, తెల్లారుజామున గిన్నె దగ్గర ఒకటే అరుపులు, నాకేమో నిద్ర లేదు, వీటికేమవుతుందో అని గుబులు.

డాక్టర్ గారు ముందు పొట్టలో పురుగులున్నాయేమో చూశారు, పొట్ట ఉబ్బితే అది కొవ్వే అవ్వాలని లేదు కదా. తిండి మాత్రం ఒక్కసారిగా తగ్గించొద్దని గట్టిగా చెప్పారు. లావు పిల్లి 2, 3 రోజులు తినకపోతే లివర్‌కి కొవ్వు పట్టి ప్రాణం మీదకి వస్తుంది, పైగా ఏడాదిలోపు కూనలు ఇంకా ఎదుగుతుంటాయి.

ఇప్పుడు పొద్దున్నే కిచెన్ స్కేల్ మీద రోజుకి సరిపడా తిండి తూచి రెండు డబ్బాల్లో పోసేస్తా, అమ్మ పెట్టినా తమ్ముడు పెట్టినా అందులోంచే, అయిపోతే ఇంక లేదు. పాలన్నం బంద్ (అమ్మ చాలా బాధపడింది, అయినా ఒప్పుకుంది). దేని గిన్నె దాని గదిలో పెట్టాక ఆ కంగారుగా మింగడం తగ్గింది. పడుకునే ముందు కర్రకి కట్టిన ఈకతో బాగా పరిగెత్తించి చివరి తిండి అప్పుడు పెడతాం, దాంతో తెల్లారుజాము అరుపులు చాలావరకు పోయాయి. దాక్కోడానికి అట్టపెట్టెలు ఉంచా, అందులో దూరితే ఎవ్వరం బయటికి లాగం.

నాకు నిజంగా ఊరటనిచ్చింది రాత్రి పని తమ్ముడు తీసుకోవడం, బరువు రోజూ కాకుండా వారానికోసారే చూడటం. మీ కూన ఒక రోజంతా తిండి ముట్టకపోతే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.