ఇంటి పిండి మర, 2వ పాఠం: లోపల గింజను విరగ్గొట్టేది ఏది?

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? వారం రోజుల పాటు ఇంట్లో ఏ గింజ ఎంత పిండి అయింది, అందులో మెత్తగా కావలసింది ఎంత, రవ్వగా కావలసింది ఎంత అని ఒక కాగితం మీద రాసుకోమన్నాను. రాయనివాళ్లు ఇక్కడే ఆగి ఉజ్జాయింపుగానైనా రాసుకుని రండి, ఎందుకంటే ఇవాళ్టి పాఠమంతా ఆ కాగితం పక్కన పెట్టుకుని చదవాల్సిందే. అది లేకుండా మర కొనడానికి బయల్దేరితే అమ్మేవాళ్లు ఏది చెబితే అదే మన అవసరమై కూర్చుంటుంది.

అమ్మేవాళ్లు ముందుగా చెప్పేవి రెండే: మోటారు ఎన్ని హార్స్‌పవర్, గంటకు ఎన్ని కిలోలు. రెండూ తెలుసుకోవాల్సినవే, కాదనను, కానీ వాటి సంగతి ఆఖర్న చూద్దాం. ముందు మూత తీసి చూపించమనండి. లోపల గింజను విరగ్గొట్టేది ఏమిటో మీ కళ్లతో మీరే చూడండి. రెండు రాళ్ల మధ్య నలుగుతోందా, ఉక్కు పళ్ల మధ్య తెగుతోందా, లేక వేగంగా తిరిగే సుత్తులకో పళ్లకో తగిలి పగులుతోందా? పిండి ఎంత మెత్తగా వస్తుంది, ఎంత వేడెక్కుతుంది, ఎంత మోత వస్తుంది, ఏ గింజ వేయొచ్చు, ఏది వేయకూడదు, తర్వాత శుభ్రం చేయడానికి ఎంత తిప్పలు పడాలి, ఇవన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. మోటారు దానికి బలం ఇస్తుంది, అంతే.

రాళ్ల మర

సూత్రం తిరగలిదే. ఒక రాయి కదలదు, ఇంకోటి తిరుగుతుంది, మధ్యలో పడ్డ గింజ నడిమి నుంచి అంచు వైపు జరుగుతూ నలుగుతుంది. ఇప్పుడు ఇళ్లకని చేసే మరల్లో చాలావాటిలో కొండరాయి ఉండదు, కొరండం అనే చాలా గట్టి ఖనిజం లాంటివాటి రవ్వను సిరామిక్‌తో కలిపి కాల్చి చేసిన రాళ్లు ఉంటాయి. ఇవి బాగా గట్టివి, ఇంటి వాడకానికి పెద్దగా అరగవు. సహజమైన రాయి అయితే కొన్నాళ్లకు నున్నబడి మళ్లీ గంట్లు పెట్టించాల్సి వస్తుంది కాబట్టి, ఆ పని ఎవరు చేస్తారో కొనేముందే కనుక్కోవాలి, కొన్నాక కాదు.

దీనిలో పెద్ద సుఖం ఏమిటంటే రాళ్ల మధ్య ఎడం మార్చుకోవచ్చు. ఎడం పెంచితే నూక, కొంచెం తగ్గిస్తే రవ్వ, ఇంకా తగ్గిస్తే బరక పిండి, బాగా దగ్గర చేస్తే మెత్తటి పిండి, అన్నీ ఒకే మరలో వస్తాయి. మీ కాగితంలో రవ్వ, మెత్తటి పిండి రెండూ కనిపిస్తుంటే, నూనె గింజలు లేకపోతే, నా లెక్కలో మీ వెతుకులాట దాదాపు ఇక్కడే అయిపోయినట్టు.

ఎడం సరిచేయడం ఇప్పుడే నేర్చుకోండి, కొనేచోట పరీక్షించడానికి కూడా పనికొస్తుంది. గింజ వేయకుండా మర ఆన్ చేసి మెల్లగా బిగిస్తూ పోతే ఒకచోట రాళ్లు ఒకదానికొకటి తగిలి టిక్ టిక్‌మని వినిపిస్తుంది. అది ఆ మరకు సున్నా. అక్కడి నుంచి రవ్వంత వదులు చేస్తే వచ్చేదే అది ఇవ్వగల అతి మెత్తటి పిండి. టిక్‌మన్నాక ఇంకా బిగిస్తే రాళ్లు ఒరుసుకుని వాటి పొడి పిండిలోకి వస్తుంది, ఆ సరదా వద్దు. ఇంకో సంగతి, మర ఆగి ఉండి మధ్యలో గింజ ఉన్నప్పుడు బిగించకూడదు, గింజ ఇరుక్కుని మోటారు కదలనంటుంది. వదులు చేయడం మాత్రం ఎప్పుడైనా చేయొచ్చు.

రాయికి పడనివి రెండు, నూనె, తడి. వేరుశనగ, నువ్వులు, అవిసె, పొద్దుతిరుగుడు లాంటివి వేస్తే రాతి గరుకులోకి నూనె దిగి పొర కడుతుంది, రాయి నునుపెక్కి మెరవడం మొదలుపెడుతుంది, ఆ తర్వాత గింజ నలగడం మానేసి జారుతుంది. సరిగా ఆరని గింజ వేసినా ఇదే కథ. అలా అయితే రాయిని కడగొద్దు, ఎడం కొంచెం పెంచి ఒకట్రెండు గుప్పెళ్ల పొడి బియ్యం ఆడించి, క్రమంగా దగ్గర చేస్తూ ఇంకొంచెం ఆడించండి, చాలావరకు పొర ఊడి వస్తుంది. ఆ బియ్యప్పిండి తినడానికి కాదు, పారేయాలి. గింజ ఆరిందో లేదో తెలియాలంటే గట్టి నేల మీద ఒక గింజ పెట్టి సుత్తితో కొట్టండి: టప్పున పగిలి ముక్కలైతే ఆరినట్టు, అణిగి చదునైతే ఇంకా ఎండలో ఉండాల్సిందే.

ఉక్కు పళ్ల మర

చేత్తో తిప్పే మరల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. నూనె గింజలను రాయి కంటే బాగా తట్టుకుంటుంది, చాలావాటిని విప్పి కడుక్కోవచ్చు, అయితే పళ్లు పోత ఇనుమువైతే వెంటనే తుడిచి ఆరబెట్టకపోతే తుప్పు పడుతుంది. మెత్తదనంలో మాత్రం మంచి రాళ్ల మరతో పోటీ పడటం కష్టం, ఒకసారి బరకగా ఆడించి రెండోసారి మళ్లీ వేయాల్సి రావచ్చు.

చేతి మర అనగానే చాలామందికి ఉత్సాహం వస్తుంది, కరెంటుతో పని లేదు, మోత లేదు, వ్యాయామం కూడా అని. నిజమే, కానీ ఒక్క కప్పు గోధుమలు మెత్తగా కావాలన్నా కొన్ని నిమిషాలు గట్టిగా తిప్పాలి, అది రోజూ, ఇంట్లో అందరికీ. కొనాలనుకుంటే పిడి పొడవుగా ఉన్నది, బరువైన చక్రం ఉన్నది చూడండి, పొడవు పెరిగితే చేతి మీద బరువు తగ్గుతుంది, చక్రం బరువుగా ఉంటే తిరుగుడు తెగకుండా సాగుతుంది. బల్లకు గట్టిగా బిగించే ఏర్పాటు లేకపోతే ఎంత మంచి మరైనా అటకెక్కుతుంది.

దెబ్బతో పిండి చేసేవి

వీటిలో రెండు రకాలున్నాయి, పైకి ఒకేలా కనిపించినా గుణం వేరు. మొదటిదాంట్లో ఒక గదిలో సుత్తుల్లాంటి బ్లేడ్లు తిరుగుతుంటాయి, వాటికి అడ్డంగా జాలీ ఉంటుంది. గింజ జాలీ కన్నంలోంచి దూరేంత చిన్నదయ్యేదాకా లోపలే దెబ్బలు తింటుంది. అంటే మెత్తదనాన్ని నిర్ణయించేది జాలీ. అందుకే అడగాల్సినవి జాలీ గురించే: మరతో పాటు ఎన్ని ఇస్తారు, మార్చడానికి స్క్రూలు విప్పాలా లేక చేత్తో లాగితే వస్తుందా, తర్వాత విడిగా దొరుకుతాయా. సన్న జాలీ పెడితే పని నెమ్మదిస్తుంది, పిండి ఎక్కువసేపు లోపల తిరిగి వేడెక్కుతుంది. పప్పులు, చిరుధాన్యాలు, మొక్కజొన్న, ఎండిన దినుసులు ఇలా పదిరకాలు కాగితంలో ఉన్నవాళ్లకు ఇది తగినది. నూనె ఎక్కువున్నవి వేస్తే జాలీ పూడుకుపోతుంది.

రెండో రకంలో ఒకదానిలో ఒకటి ఇమిడే ఉక్కు పళ్ల వరసలు ఉంటాయి, వాటిలో ఒక చక్రం నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, గింజ ఆ పళ్లకు తగిలి చిట్లి దుమ్మవుతుంది. పిండి చాలా మెత్తగా, చాలా త్వరగా వస్తుంది. కానీ రవ్వ రాదు, రమ్మన్నా రాదు. మోత కూడా మామూలుగా ఉండదు, పసిపిల్లలు పడుకునే గది పక్కన అసలే వద్దు. ఇంకో నియమం తప్పక పాటించాలి, ముందు మర ఆన్ చేసి అది పూర్తి వేగం అందుకున్నాకే గింజ పోయాలి, గింజ అయిపోయేదాకా ఆపకూడదు. మధ్యలో కరెంటు పోతే గది విప్పి శుభ్రం చేసుకోవడమే.

మిక్సీ జార్ సంగతి కూడా చెప్పేస్తాను. మీ కాగితంలో వారానికి పావు కిలో, అర కిలో లెక్క వస్తుంటే మర కొనకండి. ఉన్న మిక్సీలోనే కొంచెం కొంచెంగా, ఆపి ఆపి తిప్పి, జల్లించి, జల్లెడలో మిగిలింది మళ్లీ వేస్తే సరిపోతుంది. పాఠం రాసేవాణ్ణే కొనొద్దంటున్నాను, నమ్మండి.

వేడి, నిలవ

"మా మర చల్లగా పిండి చేస్తుంది" అని రాసి ఉంటే అలాంటిదే కావాలని టెన్షన్ పడి వెతక్కండి. రాపిడి ఉన్నచోట వేడి ఉంటుంది, ఎంత అన్నదే తేడా. పిండి చేతికి గోరువెచ్చగా ఉంటే ఇబ్బందేమీ లేదు. చెయ్యి పెట్టలేనంతగా ఉంటే ఎడం మరీ బిగించారనో, ఆపకుండా మరీ ఎక్కువసేపు ఆడించారనో అర్థం. వెచ్చటి పిండిని అలాగే డబ్బాలో పోసి మూత పెడితే ఆవిరి లోపలే చేరి బూజుకు దారి తీస్తుంది, పళ్లెంలో పరిచి చల్లారనివ్వాలి.

దీనికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. గోధుమ గింజలో మొలకెత్తే భాగం, అంటే అంకురం, బరువులో 2 నుంచి 3 శాతమే, కానీ నూనె సాంద్రంగా ఉండేది అందులోనే. గింజ గింజగా ఉన్నంతకాలం అది భద్రంగా ఉంటుంది, పిండి అయిన మరుక్షణం నుంచి గాలి తగిలి మెల్లగా కనరు వాసన పట్టడం మొదలవుతుంది. సజ్జల్లో నూనె ఇంకా ఎక్కువ కాబట్టి ఆ పిండి మరీ త్వరగా చేదెక్కుతుంది. ఇంట్లో మర పెట్టుకునేదే తాజా పిండి కోసం అయినప్పుడు, నెలకు సరిపడా ఒకేసారి ఆడించేంత పెద్ద మర ఎందుకు? నాలుగైదు రోజులకు సరిపడా పిండి హాయిగా చేసే మర చాలు.

ఇప్పుడు లెక్క

మీకు వారానికి 4 కిలోల పిండి కావాలనుకుందాం. మర నిమిషానికి 100 గ్రాములు ఆడిస్తుందనుకుంటే 40 నిమిషాలు, వారంలో రెండు విడతలు చేస్తే విడతకు 20 నిమిషాలు. అది మీకు సరే అయితే గంటకు పది కిలోల మర మీకు అక్కర్లేదు, నిమిషానికి 100 అంటే గంటకు ఎలాగూ 6 కిలోలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. రాసి ఉన్న వేగం చాలాసార్లు బరకగా ఆడించినప్పటిది, మెత్తగా కావాలంటే అది బాగా తగ్గుతుంది. ఏ గింజకు, ఏ మెత్తదనానికి అని అడిగి తెలుసుకోండి.

1 హార్స్‌పవర్ అంటే సుమారు 746 వాట్లు. చిన్న రాళ్ల మరలు 360 వాట్ల మోటారుతో కూడా చక్కగా పనిచేస్తాయి, కాబట్టి వాట్లు ఎక్కువుంటే మంచి మర అనుకోకండి. మోటారు రకం అడగండి: బ్రష్‌లు (లోపల తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే బొగ్గు ముక్కలు) ఉన్నది వేగంగా తిరుగుతుంది, తేలిగ్గా ఉంటుంది, కానీ మోత ఎక్కువ, బ్రష్‌లు అరుగుతాయి. బ్రష్‌లు లేని ఇండక్షన్ మోటారు బరువు, నెమ్మది, చాలాకాలం మన్నుతుంది. ఆపకుండా ఎంతసేపు ఆడించొచ్చు, వేడెక్కితే తనంతట తాను ఆగే ఏర్పాటు ఉందా అన్నవి కూడా చూడాలి.

కొనేచోట చేయాల్సింది

మీ గింజలు మీరే పట్టుకెళ్లండి, అర కిలో చాలు, ముందే ఏరి రాళ్లూ మట్టిగడ్డలూ తీసినవి. వాళ్ల దగ్గరున్న గింజ ఎప్పుడూ బాగానే నలుగుతుంది. మీరు వాడే వాటిలో అన్నిటికంటే పెద్దది తొట్టి కన్నంలోంచి దిగుతుందా చూడండి, చిన్న మరల్లో మొక్కజొన్న దగ్గరే ఆగిపోతాయి కొన్ని. ఫోన్లో టైమ్ పెట్టి ఆడించండి. వచ్చిన పిండిని రెండు వేళ్ల మధ్య నలపండి, మీ ఇంటి జల్లెడ తీసుకెళ్తే ఇంకా మంచిది, జల్లించి పైన ఎంత మిగిలిందో చూడండి. తర్వాత అమ్మేవాళ్లను పక్కకు జరగమని మీరే విప్పి, మీరే శుభ్రం చేసి, మీరే బిగించండి. కొత్త మర ముందే అది చిరాకనిపిస్తే ఇంటికి తెచ్చుకున్నాక అసలు చేయరు, మూలల్లో మిగిలిన పిండికి పురుగు పడుతుంది.

ఇంట్లో ఎవరికైనా సీలియాక్ వ్యాధి, అంటే గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడని జబ్బు, ఉంటే మాత్రం ఈ పరీక్షలన్నిటికంటే ముందు ఒక నిర్ణయం తీసుకోవాలి: గోధుమ, బార్లీ ఆడించే మరలో వాళ్ల పిండి ఆడించకూడదు. ఎంత దులిపినా కొంత లోపల మిగులుతుంది, వాళ్లకు ఆ కొంత కూడా హాని చేస్తుంది. వాళ్ల గింజలకు విడిగా ఒక మర ఉండాలి, చిన్నదైనా సరే.

వచ్చే పాఠానికి పని: మీ కాగితం మీద ప్రతి గింజ పక్కన రాయి, ఉక్కు (ఉక్కు పళ్ల మర), జాలీ (సుత్తుల రకం), పళ్లు (వేగంగా తిరిగే పళ్ల వరసల రకం) అని నాలుగు గళ్లు గీసి, పనికొచ్చేదానికి టిక్కు, పనికిరానిదానికి ఇంటూ పెట్టండి. ఏ గడిలో ఇంటూలు తక్కువున్నాయో ఆ రకం మరలు మాత్రమే రెండో మూడో చూసి రండి, కొనొద్దు. మూడో పాఠంలో మర ఎక్కడ పెట్టాలి, పిండి దుమ్ముతో ఏం చేయాలి, మొదటిసారి ఎలా ఆడించాలి అన్నవి చూద్దాం.