తిరుపతిలో స్థలాల గురించి ఎవరైనా అడిగితే జవాబు ఎలా చెప్పాలి?

కాలనీలో కాస్త కాగితాలు తెలిసినోడని పేరు పడితే చాలు, "అన్నా, కరకంబాడి రోడ్డులో ప్లాట్ చూసినాం, తీసుకోవచ్చా?" అని మొదలుపెడతారు. చాలామంది ఏమీ చూడకుండానే "తీసుకోండబ్బా, ఆ సైడు బాగా పెరుగుతాంది" అనేస్తారు. ఇట్లాంటి జవాబులు విని విని విసుగొచ్చి రాస్తున్నా.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. ఫోన్‌లో మీభూమి (భూమి రికార్డులు), ఐజీఆర్ఎస్ (రిజిస్ట్రేషన్ శాఖ), ఏపీ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైట్లు, ఒక నోటుబుక్కు. వాయిస్ మెసేజ్‌లో అడిగితే జవాబు చెప్పొద్దు, కాగితం ఫోటో పంపమనండి. ఇది రూలే.

ముందు సర్వే నెంబరు అడగండి, అదీ సబ్‌డివిజన్‌తో సహా. 212/2 వేరు, 212/2బీ వేరు. రీసర్వే అయిపోయిన ఊళ్ళలో పాత నెంబరు పోయి ఎల్పీఎం (భూమి ముక్క మ్యాపు) నెంబరు వచ్చింటుంది, రెండూ రాసుకోండి. తర్వాత కొలత. మన దగ్గర అంకణం అంటే 36 చదరపు అడుగులు, 33 బై 60 ప్లాటంటే 55 అంకణాలు. కొత్తగా వచ్చిన ఏజెంట్లు గజాల్లో చెప్తాండారు, గజం రేటు వినడానికి తక్కువగా ఉంటుంది కదా, నాలుగు గజాలైతేగానీ ఒక అంకణం కాదు. అంకణాల్లోకి మార్చిన తర్వాతే మాట్లాడండి. లేఔట్ అయితే తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ నెంబరు, 500 చదరపు మీటర్లు దాటితే రెరా నెంబరు అడగండి. బ్రోచర్‌లో ఉంటే సరిపోదు, సైట్లో కనపడాల.

ఇంక అసలు తిప్పలు ఇక్కడే. అడిగినాయన ఈసీ, అదే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, తీసుకొచ్చి "చూడన్నా, క్లీన్‌గా ఉండాది" అంటాడు. ఈసీలో కనిపించేది రిజిస్టర్ అయిన లావాదేవీలు మాత్రమే. భూమి పట్టాదా, ప్రభుత్వానిదా, మఠానిదా అని అది చెప్పదు. చెప్పాలంటే డీకేటీ భూమి (ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి) ఈసీ అన్నిటికన్నా క్లీన్‌గా ఉంటుంది, ఎందుకంటే రిజిస్ట్రేషనే కాదు కాబట్టి అందులో ఏమీ ఉండదు, చేతులు మారేదంతా స్టాంపు పేపర్ల మీద, నోటరీల మీదే. నిల్ ఈసీ చూసి సంతోషపడేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది.

కాబట్టి 22ఏ లిస్టులో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల లిస్టులో, ఆ సర్వే నెంబరు ఉందా అని చూడకుండా నోరు తెరవొద్దు. ఉంటే అంతటితో ఆగకండి, ఏ క్లాజులో ఉందో చూడండి. 'ఏ' అంటే చట్టమే అమ్మకూడదన్నది, అసైన్డ్ భూములు ఇందులోకే వస్తాయి. 'బీ' ప్రభుత్వ భూమి, 'సీ' దేవాదాయ, వక్ఫ్, 'డీ' సీలింగ్ (భూపరిమితి) మిగులు, 'ఈ' ప్రభుత్వానికి ఏదో ఒక హక్కు ఉందని నోటిఫై చేసినవి. "22ఏ నుంచి తీయించేస్తాం సార్" అనే బ్రోకర్‌ని ఏ క్లాజని అడగండి, సగం మంది అక్కడే టాపిక్ మార్చేస్తారు.

డీకేటీ విషయంలో ఇంకో జాగ్రత్త. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మితే ఆ అమ్మకం చెల్లదు, కొన్నోడు డబ్బులిచ్చినా, ఇల్లు కట్టినా. భూమి ఇచ్చి 20 ఏళ్ళు దాటితే దాన్ని మొదట పొందిన అసైనీలకి పూర్తి హక్కులిస్తూ 2023లో సవరణ వచ్చింది, 2024లో ప్రభుత్వం మారాక అట్లా హక్కులొచ్చిన (ఫ్రీహోల్డ్) భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. అందుకని "ఇప్పుడు ఫ్రీ అయిపోయింది" అని ఎవరన్నా చెప్తే, వాళ్ళ మాట మీద కాకుండా ఆ వారంలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోమని చెప్పండి. 22ఏ లిస్టులో లేకపోయినా పని అయిపోలేదు. ఎమ్మార్వో ఆఫీసులో ఆర్ఎస్ఆర్ (సర్వే నాటి పాత భూమి రిజిస్టరు) నకలు తీయమనండి, అందులో చెరువు పోరంబోకు అని ఉంటే ఇప్పుడు పైన మూడంతస్తుల మేడ ఉన్నా అది చెరువే. పట్టాదారు కాలమ్‌లో పేరు బదులు చుక్కలుంటే అది చుక్కల భూమి, అంటే హక్కుదారు ఎవరో రికార్డులో తేలనిది, ఆ కథ వేరే. తిరుపతి చుట్టూ హథీరాంజీ మఠం భూములు, దేవుడి మాన్యాలు, వాగులు, కుంటలు ఎన్ని ఉన్నాయో తెలిసినోడెవడూ ఈ మెట్టు దాటేయడు. లాయర్ చూసినాడు కదా అంటారు, లాయర్ చూసేది మీరిచ్చిన కాగితాలనే, ఇవ్వని కాగితాన్ని ఆయన మాత్రం యాడ చూస్తాడు?

షాపులు, లాడ్జి కట్టాలనుకునేవాళ్ళకి మాత్రం తుడా మాస్టర్ ప్లాన్‌లో జోన్, ముందున్న రోడ్డు వెడల్పు, పార్కింగ్ చూసుకోమనండి, రేణిగుంట ఎయిర్‌పోర్ట్ వైపైతే కట్టడం ఎత్తుకి ఉండే పరిమితి కూడా. "ఆ రోడ్డు వస్తుందా?" అంటే, నోటిఫికేషన్ చేతిలో ఉంటేనే అవునని చెప్పండి.

రేటు చివర్లో అడుగుతారు. ఐజీఆర్ఎస్‌లో మార్కెట్ విలువ చూసి చెప్పండి, అది స్టాంపు డ్యూటీ లెక్క కోసం ప్రభుత్వం పెట్టింది, అమ్మేరేటు కాదని కూడా అదే నోటితో చెప్పండి, లేకపోతే రేపు ఆ అంకె మీరే ఖాయం చేశారని ఊరంతా చెప్తారు.