తిరుపతిలో టోయింగ్ బండి పెట్టాలనుకునేవాళ్లకు

"అక్కా, మేమూ ఒక టోయింగ్ బండి పెట్టుకుంటే ఎట్లుంటుంది?" అని అడిగే కుర్రవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అందరూ మొదట బండి రేటు అడుగుతారు. నేను మాత్రం ఫోన్ గురించి మొదలుపెడతాను. మా ఇంట్లో బండి మా ఆయనది, తాళ్లు, బెల్టులు హెల్పర్ కుర్రాడివి, ఫోన్ నాది. ఫోన్‌లో అడగాల్సినవి అడక్కుండా బండి పంపిస్తే, అంత దూరం పోయి వాళ్లిద్దరూ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

అయినా బండి సంగతి ముందు చెప్పేస్తాను. అప్పు కాస్త ఎక్కువైనా ఫ్లాట్‌బెడ్డే (కారు మొత్తం పైకెక్కే చదును బల్ల బండి) తీసుకోండి. రెండు చక్రాలు ఎత్తి మిగతా రెండూ రోడ్డు మీద దొర్లించే అండర్‌లిఫ్ట్ చవగ్గా వస్తుంది, ఇరుకు సందుల్లో పనికొస్తుంది కూడా. కానీ ఇప్పుడు యాత్రికులు తెచ్చే కార్లలో ఆటోమేటిక్‌లు చాలా ఉంటున్నాయి. ఇంజిన్ ఆగిపోయిన ఆటోమేటిక్ కారును దాని పవర్ చక్రాల (ఇంజిన్ తిప్పే చక్రాల) మీద దొర్లిస్తే, గేర్‌బాక్స్‌కు ఆయిల్ అందక లోపల అరిగిపోతుంది. ఎలక్ట్రిక్ కారు చక్రం దొర్లితే మోటారూ తిరుగుతుంది, అదింకా ప్రమాదం. నాలుగు చక్రాలూ పైకెక్కించి తీసుకెళ్తే ఈ గొడవే లేదు.

మీ టోయింగ్ బండి ట్రాన్స్‌పోర్ట్ వాహనంగా రిజిస్టర్ అయిందో లేదో చూసుకోండి. అలా అయి ఉంటే పసుపు నంబర్ ప్లేటు ఉండాలి. మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. మాకు వచ్చే బండ్లలో చెన్నై, వేలూరు, బెంగళూరు వెళ్లాల్సినవి బాగా ఉంటాయి కాబట్టి, పక్క రాష్ట్రాల పర్మిట్ సంగతి కొనేటప్పుడే తేల్చుకోండి. ఇన్సూరెన్స్ ఏజెంటును ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: కస్టమర్ కారు మన బండి మీద ఉండగా దానికి ఏమైనా అయితే ఎవరిస్తారు? థర్డ్ పార్టీ పాలసీ దానికి పనికిరాదు. విడిగా కవర్ తీసుకుని కాగితం మీద రాయించుకోండి.

ఇక ఫోన్. ఎత్తగానే "ఏం కారు?" అనకండి. "మనుషులంతా బాగున్నారా, కారులోంచి దిగి పక్కకు నిలబడ్డారా?" అని అడగండి. హైవే మీద అయితే క్రాష్ బ్యారియర్ అవతలికి వెళ్లమనండి. హెచ్చరికగా పెట్టే ఎర్ర ట్రయాంగిల్ ఉంటే వంపు మొదట్లోనే, వెనక వచ్చే డ్రైవర్‌కు ముందుగా కనబడేచోట పెట్టించండి. దెబ్బలు తగిలి ఉంటే 112కు చేయమని చెప్పి ఫోన్ పెట్టేయండి, మళ్లీ మీరే చేయండి. జాతీయ రహదారి మీద ఇరుక్కున్నవాళ్లకు 1033 హెల్ప్‌లైన్ నంబర్ కూడా ఇవ్వండి. దానివల్ల మనకు రావాల్సిన పని పోవచ్చు, పోనీండి. మొగిలి ఘాట్‌లోనో భాకరాపేట ఘాట్‌లోనో చీకట్లో పిల్లలతో నిలబడ్డ మనిషికి ముందు వచ్చిన బండే మంచి బండి.

తర్వాత కారు గురించి. ఆటోమేటికా, మాన్యువలా? చక్రాలు తిరుగుతున్నాయా? తాళం చేతిలో ఉందా? స్టీరింగ్ తిరుగుతోందా? లాడ్జి సెల్లార్‌లో ఉంటే పైకప్పు ఎత్తెంత? ఫొటో పంపమనండి. ఎంతమంది ఉన్నారో అడగడం మరచిపోకండి. ఫ్లాట్‌బెడ్ మీదికి ఎక్కించిన కారులో ఎవరినీ కూర్చోనివ్వకూడదు, ఎంత బతిమాలినా సరే. పెద్దవాళ్లను, పిల్లలను లాడ్జికి చేర్చడానికి నమ్మకమైన టాక్సీ డ్రైవర్ల నంబర్లు దగ్గర ఉంచుకోవాలి. తమిళుల పెరటాసి నెల శనివారాల్లో తమిళనాడు నుంచి కార్లు బారులు తీరతాయి, నాలుగు ముక్కలు తమిళం వస్తే అవతలివాళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది.

తిరుమల ఘాట్ నుంచి ఫోన్ వస్తే మొట్టమొదట అడగాల్సింది, "కొండ ఎక్కుతున్నారా, దిగుతున్నారా?" 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. రెండూ వన్‌వేలే. ఎక్కే దారిలో ఆగిన కారు దగ్గరికి అలిపిరి నుంచి నేరుగా వెళ్తాం. దిగే దారిలో ఆగితే మాత్రం పైకి వెళ్లి దిగుతూ రావాలి. సిగ్నల్ సరిగా లేనిచోట లొకేషన్ పిన్‌ను నమ్మకండి, దగ్గర్లో కనబడే బోర్డు చదివించండి. పోలీసులకు, అలిపిరి సెక్యూరిటీకి ముందే చెప్పి కదలండి. హెల్పర్ జేబులో బీడీలు, గుట్కా ఉంటే షెడ్డులోనే తీసి పెట్టించండి. అలిపిరి తనిఖీలో అవి దొరికితే, పైన ఎండలో ఎదురుచూసేవాళ్లకు ఆ ఆలస్యం తగులుతుంది.

దిగేటప్పుడు వచ్చే ఫోన్లలో చాలావాటికి బండే అక్కర్లేదు. "బ్రేకులు పట్టడం లేదు, కాలిన వాసన" అంటారు. బ్రేకు మీద కాలు తీయకుండా దిగడం వల్ల వేడెక్కి ఉంటాయి. పక్కకు ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, అరగంటకు పైనే చల్లారనివ్వమనండి. నీళ్లు మాత్రం పోయొద్దనండి, కాలిన డిస్కు మీద పోస్తే వంకర పోతుంది. చల్లారాక బ్రేకు గట్టిగా పట్టిందని చూసుకుని, మొదటి గేర్‌లోనో రెండో గేర్‌లోనో దిగమనండి. పెడల్ ఇంకా మెత్తగా లోపలికి పోతుంటేనే మన బండి. ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడెక్కితే రేడియేటర్ మూత తీయొద్దని రెండుసార్లు చెప్పండి. క్లచ్ కాలితే ఇక మాటల్లేవు, ఎత్తాల్సిందే.

ఎక్కించే పని దగ్గరుండి నేర్చుకోండి. ముందు కారును నాలుగు వైపులా, కిలోమీటర్ల మీటరుతో సహా ఫొటోలు తీయాలి. టోయింగ్ హుక్ (కారుకు బిగించి తాడు తగిలించే కొక్కెం) చాలా కార్లలో డిక్కీలో టూల్స్ దగ్గర ఉంటుంది. కొన్నిటికి మర ఎడమవైపు తిప్పితేనే బిగుస్తుంది, బలవంతంగా కుడికి తిప్పితే మర పోతుంది. బ్యాటరీ పోయిన ఆటోమేటిక్ న్యూట్రల్‌కు రాకపోతే గేర్ లివర్ పక్కన చిన్న మూత ఉందేమో చూడండి, ఉంటే అది తీసి లోపలి మీట నొక్కాలి. అన్ని మోడళ్లలో ఇది ఉండదు. విన్చ్ (కారును బండి మీదికి లాగే యంత్రం) తాడు లాగేటప్పుడు దానికి వరసలో ఎవరూ నిలబడకూడదు. తాడు మధ్యలో తడి గోనెసంచి వేయండి, తెగినా ఎగిరి కొట్టే దెబ్బ తగ్గుతుంది. పైకెక్కాక బెల్టులు చక్రాలకు కట్టండి. బాడీకి కడితే కారు సస్పెన్షన్ మీద ఊగిన ప్రతిసారీ బెల్టు వదులవుతుంది. నాలుగూ బిగించి, రెండు మూడు కిలోమీటర్లు పోయాక ఆపి మళ్లీ బిగించాలి. మా ఆయన రాత్రి ఏ వేళైనా ఇది తప్పించడు. బెల్టు మీద వేలితో మీటి, మోత విని మరీ కదులుతాడు.

వానాకాలం మాట వేరు. మనకు అసలు వాన నవంబర్, డిసెంబర్లలో. 2021 నవంబర్ వరదలు తిరుపతి మరచిపోలేదు. ఆ డిసెంబర్‌లో రెండో ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడి రోడ్డు దెబ్బతింది. గట్టి వాన పడితే వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలుస్తాయి. మునిగిన కారు ఫోన్ వస్తే ఒకటే మాట: తాళం తిప్పొద్దు. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే ఒక్క సెల్ఫ్‌కే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజిన్ మొత్తం విప్పాలి. కారు బయటికి తీశాక కూడా స్టార్ట్ చేయకుండా, బ్యాటరీ తీగ విప్పించి నేరుగా మెకానిక్ షెడ్డుకు చేర్చండి.

యాక్సిడెంట్ బండిని పోలీసులు చెప్పనిదే కదిలించకండి. స్టేషన్‌కు చేర్చమంటే చేర్చి, ఎవరికి అప్పగించారో రాయించుకోండి. కేసు ఉన్న బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూడాల్సి ఉంటుంది, అందుకే విరిగిన అద్దం ముక్క కూడా పారేయకుండా కారులోనే పెట్టండి.

రేటు ఫోన్‌లోనే చెప్పండి: కనీస చార్జీ, ఆపైన కిలోమీటరుకు ఇంత, రాత్రి అయితే ఇంత, ఖాళీగా తిరిగొచ్చే డీజిల్ ఇందులోనే ఉందని కూడా. అదే వాట్సాప్‌లో పంపండి. రోడ్డు మీద దిక్కులేక నిలబడ్డవాళ్ల దగ్గర రేటు పెంచడం నాకు ఇష్టం లేదు, మా బండి మీద ఆ పని జరగదు. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున రోడ్డు మీద సాయం ఏర్పాటు చేసే అసిస్టెన్స్ వాళ్ల పనులు తీసుకోవచ్చు, ఖాళీ రోజుల్లో అవే ఆదుకుంటాయి. కానీ డబ్బు నెల దాటాక వస్తుంది కాబట్టి డీజిల్‌కు, హెల్పర్ జీతానికి చేతిలో వేరే డబ్బు ఉంచుకోండి. వాళ్లిచ్చే కేసు నంబరు, ఒప్పుకున్న కిలోమీటర్లు మెసేజ్‌లో రానిదే బండి షెడ్డు దాటనివ్వకండి.