చైనీస్ మాట్లాడేవారికి ‘హౌ’ నేర్పేటప్పుడు

‘హౌ’ అంటే ‘ఎలా’ అని మనం చిన్నప్పుడే బట్టీ పట్టాం. చైనా పిల్లలూ ‘హౌ’ అంటే ‘జెన్మ’ అని అలాగే బట్టీ పడతారు. తర్వాతి తిప్పలన్నీ ఈ లెక్కతోనే మొదలవుతాయి. మాండరిన్‌లో ‘జెన్మ’ మన ‘ఎలా’ చేసే పని చేస్తుంది, కొన్నిచోట్ల మన ‘ఏమిటి’, ‘ఎందుకు’ చేసే పనీ చేస్తుంది. ఇంగ్లీషు ‘హౌ’ అంత దూరం రాదు.

చైనా పెద్దలకు ఆన్‌లైన్‌లో సంభాషణ ఇంగ్లీషు చెప్పే తెలుగువారికీ, సింగపూర్‌లోనో మలేషియాలోనో చైనీస్ సహోద్యోగుల ఇంగ్లీషు దిద్దిపెట్టే వారికీ ఇక్కడో ప్రత్యేకమైన చిక్కు ఉంది. తెలుగూ మాండరినూ ఒకే దారిలో నడిచే చోట విద్యార్థి తప్పు మన చెవికి తప్పులా వినపడదు. కాబట్టి ముందు మన చెవి సంగతి చూసుకోవాలి.

చెవికి చిక్కని తప్పులు

మూడు ఉదాహరణలు చూడండి. స్టేషన్‌కు దారి అడగడానికి చైనీయులు ‘జెన్మ జౌ?’ అంటారు, కర్త ఉండదు. మనమూ ‘స్టేషన్‌కి ఎలా వెళ్ళాలి?’ అంటాం, కర్త ఉండదు. ఇద్దరి నోటా వచ్చే ఇంగ్లీషు ‘హౌ టు గో టు ద స్టేషన్?’ ఇది ప్రశ్న కాదు, ఏదో వ్యాసానికి పెట్టిన శీర్షిక. ప్రశ్న కావాలంటే కర్తా, సహాయక క్రియా రావాలి: ‘హౌ డు ఐ గెట్ టు ద స్టేషన్?’ ‘హౌ టు’ తప్పేమీ కాదు. వాక్యం మధ్యలో ఉంటే చక్కగా ఒదుగుతుంది: ‘కెన్ యు టెల్ మీ హౌ టు గెట్ దేర్?’

రెండోది బజారు. మనం ‘వంకాయలు ఎలా ఇస్తున్నావమ్మా?’ అని ధర అడుగుతాం. బీజింగ్ సంతలోనూ ‘జెన్మ మాయ్?’ అనే అడుగుతారు, అంటే ‘ఎలా అమ్ముతున్నావు?’ అని. దాన్ని ‘హౌ డు యు సెల్ దిస్?’ అని మారిస్తే వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది, కానీ ఇంగ్లీషు దుకాణదారు అమ్మకపు పద్ధతి అడుగుతున్నారేమో అనుకుంటాడు. ‘హౌ మచ్ ఈజ్ దిస్?’ అని నేర్పండి, కిలో లెక్కయితే ‘హౌ మచ్ ఎ కిలో?’ అని. ‘ప్రైస్’ అన్న మాట వాడదలచుకుంటే ‘హౌ మచ్’ పోయి ‘వాట్’ వస్తుంది: ‘వాట్ ఈజ్ ద ప్రైస్?’

మూడోది కంగారులో వచ్చే మాట. పాస్‌పోర్ట్ కనపడకపోతే మనం ‘అయ్యో, ఇప్పుడెలా?’ అంటాం. చైనీయులు ‘జెన్మ బాన్?’ అంటారు. అందుకే విద్యార్థి ‘హౌ కెన్ ఐ డూ?’ అంటాడు. ఇంగ్లీషులో అనాల్సింది ‘వాట్ షుడ్ ఐ డూ?’ ఎందుకో తెలియాలంటే కింది పరీక్ష కావాలి.

ఖాళీ పరీక్ష

‘హౌ’ పెట్టాలా ‘వాట్’ పెట్టాలా అన్న సందేహాల్లో చాలావాటిని ఇదొక్కటే తీరుస్తుంది. ప్రశ్నపదం తీసేసి మిగిలిన వాక్యం చూడండి. నామవాచకం పడాల్సిన చోట ఖాళీ ఉంటే ‘వాట్’. ఖాళీ లేకుండా వాక్యం నిండుగా ఉండి, అడుగుతున్నది పద్ధతి గురించో స్థితి గురించో అయితే ‘హౌ’.

‘డూ’ తర్వాత ఏదో ఒక పని రావాలి, అక్కడ ఖాళీ ఉంది. కాబట్టి ‘వాట్ షుడ్ ఐ డూ?’ అదే ‘ఇట్’ పెట్టి ఖాళీ పూడిస్తే ‘హౌ షుడ్ ఐ డూ ఇట్?’ ఒప్పే, కానీ అర్థం ‘ఏ విధంగా చేయాలి’ అని మారిపోయింది. ‘థింక్’ తర్వాత అభిప్రాయం రావాలి, ఖాళీ ఉంది. కాబట్టి ‘వాట్ డు యు థింక్?’ ఎంతోమంది చైనీస్ విద్యార్థులు ‘హౌ డు యు థింక్?’ అనడానికి కారణం, అభిప్రాయం అడగడానికి వారి భాషలో ‘నీ జెన్మ కాన్?’ అనడమే, అంటే ‘నువ్వెలా చూస్తావు?’ అని. ‘ఫీల్’తో అడిగితే మాత్రం ‘హౌ డు యు ఫీల్ అబౌట్ ఇట్?’ సరైనదే. ‘హౌ డు యు లైక్ ఇట్?’లో ‘ఇట్’ ఖాళీని పూడ్చింది కాబట్టి అదీ ఒప్పే.

వస్తువు పేరు అడిగే చోట మనకు తెలుగు తోడొస్తుంది. ‘దీన్ని ఏమంటారు?’ అన్నట్టే ‘వాట్ డు యు కాల్ దిస్?’ అంటాం. ‘కాల్ దిస్’ తర్వాత పేరు పడే ఖాళీ ఉంది. చైనీస్ విద్యార్థి ఇక్కడ ‘హౌ డు యు కాల్ దిస్?’ అంటాడు. అదే ‘హౌ డు యు సే దిస్ ఇన్ ఇంగ్లిష్?’లో ‘సే’కు కావలసిన ‘దిస్’ ఉంది, కాబట్టి ‘హౌ’. కొత్తవారిని ఎలా పిలవాలో అడిగేటప్పుడు ‘వాట్ షుడ్ ఐ కాల్ యు?’ అంటారు, ‘హౌ షుడ్ ఐ అడ్రస్ యు?’ అని కూడా అంటారు. ఈ జంటను పక్కపక్కన రాసి చూపించండి. పరీక్ష ఎలా పనిచేస్తుందో విద్యార్థికి ఒక్క చూపులో అర్థమవుతుంది.

‘లైక్’ కూడా ఈ లెక్కలోదే. ‘హౌ ఈజ్ ఇట్ లైక్?’ అన్న కలగూరగంపను రోజూ వింటాం. ‘లైక్’ తర్వాత ఖాళీ ఉంది, కాబట్టి ‘వాట్ ఈజ్ ఇట్ లైక్?’ ‘లైక్’ లేకపోతే ‘హౌ ఈజ్ ఇట్?’ ఈ రెండింటికీ అర్థంలో తేడా ఉంది, దాన్ని తెలుగువాళ్ళు ఇట్టే పట్టుకోగలరు. ‘మీ కొత్త మేనేజర్ ఎలా ఉంటాడు?’ అంటే స్వభావం అడిగినట్టు, అది ‘వాట్ ఈజ్ హి లైక్?’ ‘ఎలా ఉన్నాడు?’ అంటే ఇప్పటి స్థితి, అది ‘హౌ ఈజ్ హి?’ మాండరిన్ ‘జెన్మయాంగ్’ రెండింటికీ సరిపోతుంది కాబట్టి ఈ తేడా విద్యార్థికి తనంతట తాను తట్టదు. జ్వరంతో పడుకున్న మనిషి గురించి ఒక ప్రశ్న, రేపు కలవబోయే మనిషి గురించి ఒక ప్రశ్న ఇచ్చి సాధన చేయించండి.

పదాల వరస

మాండరిన్‌లో ప్రశ్నపదం వాక్యం ముందుకు రాదు, జవాబు ఉండే చోటే కూర్చుంటుంది. క్రియ రూపమూ మారదు. అందుకని జవాబు నుంచి ప్రశ్నకు నడిపించడం మేలు.

ముందు జవాబు రాయించండి: ‘షీ గోస్ టు వర్క్ బై మెట్రో.’ ‘బై మెట్రో’ కొట్టేసి అక్కడే ‘హౌ’ రాయించండి. వాక్యం ‘షీ గోస్ టు వర్క్ హౌ?’ అవుతుంది. ఇక్కడిదాకా విద్యార్థికి ఇబ్బంది ఉండదు. తర్వాత ‘హౌ’ను ముందుకు జరిపించండి. ఆఖరున ‘గోస్’ను ‘డజ్’, ‘గో’ అని రెండు ముక్కలు చేయించి, ‘డజ్’ను ‘షీ’ ముందు పెట్టించండి: ‘హౌ డజ్ షీ గో టు వర్క్?’ తప్పు ఎక్కువగా ఈ ఆఖరి మెట్టు దగ్గరే జరుగుతుంది. ‘డజ్’ పెట్టాక కూడా ‘గోస్’ అలాగే మిగిలిపోతుంది. ఉన్న ‘స్’ ఒక్కటే, అది ‘డజ్’కు వెళ్ళిపోయింది అని చెబితే గుర్తుంటుంది.

‘హౌ ఓల్డ్’, ‘హౌ ఫార్’, ‘హౌ మెనీ బుక్స్’ లాంటివి ఒకే మూట. విప్పకుండా మొత్తం ముందుకు రావాలి. విప్పితే ‘హౌ ఈజ్ హి ఓల్డ్?’ అవుతుంది. వయసు అడగడానికి మాండరిన్‌లో ‘దువో దా’ అంటారు, మాటకు మాటగా ‘ఎంత పెద్ద’. కొత్తగా నేర్చుకునేవారు ‘హౌ బిగ్ ఆర్ యు?’ అంటే నవ్వకండి.

ఇంకో విచిత్రం. ‘ఐ డోంట్ నో హౌ ఇట్ వర్క్స్’ మొదట్లో సరిగ్గా చెప్పిన విద్యార్థే, ప్రశ్నల వరస ఒంటబట్టాక ‘ఐ డోంట్ నో హౌ డజ్ ఇట్ వర్క్’ అనడం మొదలుపెడతాడు. వెనక్కి వెళ్తున్నాడని కంగారు పడక్కర్లేదు, కొత్త నియమాన్ని అవసరం లేని చోటా వాడుతున్నాడు. పెద్ద వాక్యం లోపల ఒదిగిన ‘హౌ’ తర్వాత మామూలు వరసే ఉంటుందని అప్పుడు చెప్పండి, అంతకు ముందు వద్దు.

‘దువోజియో’ ఒకటి, ఇంగ్లీషులో మూడు

తెలుగులో ‘ఎంతసేపు’, ‘ఎన్నాళ్ళకోసారి’, ‘ఎంతసేపట్లో’ వేర్వేరు. మాండరిన్‌లో అన్నిటికీ ‘దువోజియో’నే మూలం, చుట్టూ వచ్చే మాటలను బట్టి అర్థం మారుతుంది. అందుకే విద్యార్థులు ‘హౌ లాంగ్’ను అన్నిచోట్లా వాడేస్తారు, ‘హౌ లాంగ్ టైమ్’ అని తోక కూడా తగిలిస్తారు. తోక కత్తిరించాలి.

దీనికి మూడు చీటీలు చాలు. ఒకదాని మీద ‘ఫర్ టూ అవర్స్’, ఇంకోదాని మీద ‘ట్వైస్ ఎ వీక్’, మూడోదాని మీద ‘ఇన్ టెన్ మినిట్స్’ రాయండి. మీరు చీటీ చూపించాలి, విద్యార్థి దానికి తగిన ప్రశ్న వేయాలి: వరసగా ‘హౌ లాంగ్’, ‘హౌ ఆఫెన్’, ‘హౌ సూన్’. రోజుకు పది నిమిషాలు మించొద్దు. మొదటి రెండూ కుదిరాకే మూడోది కలపండి, మూడూ ఒకేరోజు చెబితే మూడూ కలిసిపోతాయి.

‘హౌ కమ్’, ‘హౌ అబౌట్’

‘నీ జెన్మ మేయ్ లాయ్?’ అంటే ‘నువ్వు రాలేదేం?’ అని. విద్యార్థి దాన్ని ‘హౌ డిడ్ంట్ యు కమ్?’ అంటాడు. ఇక్కడ ‘హౌ కమ్’ చక్కగా సరిపోతుంది. తర్వాత మామూలు వాక్యం పెడితే చాలు: ‘హౌ కమ్ యు డిడ్ంట్ కమ్?’ సహాయక క్రియను ముందుకు తేనక్కర్లేదు కాబట్టి విద్యార్థులకు ఇది ఇష్టం. మాటల్లోనే వాడమనండి, ఆఫీసు మెయిల్‌లో ‘వై’ రాయాలి.

‘హౌ అబౌట్’ తర్వాత నామవాచకం గానీ ‘ఇంగ్’ రూపం గానీ రావాలి. మాండరిన్‌లో ‘జెన్మయాంగ్’ ప్రతిపాదన చివర వస్తుంది కాబట్టి ‘వి గో టుమారో, హౌ అబౌట్?’ అంటారు. ‘హౌ అబౌట్ టుమారో?’ అనిపించండి.

లెక్కలు

‘దువోషావ్’ ఎన్నికీ ఎంతకూ ఒకటే. పైగా మాండరిన్‌లో వస్తువుల పేర్లకు బహువచనం గుర్తు ఉండదు. ‘హౌ మెనీ’ తర్వాత మాటకు ‘స్’ తగిలించి చూడమనండి. తగిలితే ‘మెనీ’, తగలకపోతే ‘మచ్’. ‘పీపుల్’, ‘చిల్డ్రన్’ లాంటివి విడిగా నేర్పాలి. మనకూ ఇక్కడ ఒక గుంట ఉంది: నీళ్ళు, పాలు, డబ్బులు తెలుగులో బహువచనాలు. ‘ఎన్ని పాలు’ అనే అలవాటు మీ ఇంగ్లీషులోకి జారకుండా చూసుకోండి.

‘హౌ బ్యూటిఫుల్ ద ఫ్లవర్ ఈజ్!’ లాంటి ఆశ్చర్యార్థకాలు చైనా పాఠశాలల్లో బాగా రుద్దుతారు. తప్పు లేదు గానీ మాటల్లో పుస్తకం వాసన కొడుతుంది. ‘ఇట్స్ సో బ్యూటిఫుల్!’ చాలు.

చివరగా ‘హౌ’తో అడగలేని ప్రశ్న ఒకటి. మన ‘ఎన్నో’కు మాండరిన్‌లో ‘దీ జీ’ ఉంది, ఇంగ్లీషులో సరిజోడు లేదు. ‘మీ ఇంట్లో నువ్వు ఎన్నో సంతానం?’ అని అడగాలనుకున్న విద్యార్థి ‘హౌ మెనీ’ దగ్గర ఆగిపోతాడు, మీరూ ఆగిపోతారు. దారి మార్చడం తప్ప వేరే మార్గం లేదు. అంతస్తుకు ‘విచ్ ఫ్లోర్’, తరగతికి ‘వాట్ గ్రేడ్ ఆర్ యు ఇన్?’, సంతానానికి ‘ఆర్ యు ద ఓల్డెస్ట్?’ అని అడిగి, కాదంటే ‘హౌ మెనీ ఆర్ ఓల్డర్ దాన్ యు?’ అని కొనసాగించమనండి.