సంగీత విమర్శ స్వయంబోధిని – 6వ పాఠం: నెరవల్ వినడం, నెరవల్ గురించి రాయడం

గత పాఠంలో రాగాలాపన గురించి చెప్పుకున్నాం. కల్యాణి రాగం ఆలాపన వినేటప్పుడు గాయకుడు ఏ స్వరం మీద నిలిచాడు, షడ్జ పంచమాలను విడిచిపెట్టి సాగే సంచారాలను ఎక్కడ చేశాడు, తారస్థాయిని ఎప్పుడు అందుకున్నాడు అన్నవి నోటుపుస్తకంలో గుర్తు పెట్టుకోమన్నాను. ఆ అలవాటు పట్టుబడి ఉంటే ఈ పాఠం మీకు కష్టమనిపించదు. హైదరాబాదు సభల్లో ఏళ్ల తరబడి కచేరీలు వింటూ, వాటి మీద రాస్తూ వచ్చిన నాకు విమర్శకుడి చెవి ఎంత పదునైనదో తేలేది నెరవల్ దగ్గరే అన్న నమ్మకం బలపడింది. అక్కడ రాగం, తాళం, సాహిత్యం మూడూ ఒకేసారి పరీక్షకు నిలుస్తాయి. ఆ సాహిత్యం చాలాసార్లు తెలుగే కనుక తెలుగు విమర్శకుడికి బాధ్యత ఇంకొంచెం ఎక్కువ.

కృతిలో ఒక పాదాన్ని ఎంచుకొని, దాని మాటలు తాళంలో తమ తమ స్థానాలను ఇంచుమించుగా వదలకుండా చూసుకుంటూ, ప్రతి ఆవర్తంలోనూ, అంటే తాళం తిరిగే ప్రతి చుట్టులోనూ, రాగాన్ని కొత్తగా విస్తరించడమే నెరవల్. మొదట విలంబంగా (ఇదే మొదటి కాలం), తరువాత రెండవ కాలంలో, అంటే రెట్టింపు వేగంతో పాడి, సాధారణంగా అదే పాదానికి కల్పనస్వరాలు, అంటే అప్పటికప్పుడు అల్లే స్వరాలు వేస్తారు. నిర్వచనం ఇంతే. విన్నది విన్నట్టు పట్టుకోవడమే అసలు పని.

ఉదాహరణకు త్యాగరాజు (1767–1847) కల్యాణి రాగంలో, మిశ్రచాపు తాళంలో చేసిన ‘నిధి చాల సుఖమా’ తీసుకుందాం. తంజావూరు ఆస్థానం పిలుపును కాదన్నప్పుడు పాడిన కృతి అని సంప్రదాయం చెబుతుంది. గాయకులు తరచుగా నెరవల్‌కు ఎంచుకునే పాదం చరణంలోని ‘మమత బంధనయుత నరస్తుతి సుఖమా’. మమకార బంధాల్లో చిక్కుకున్న మనిషిని పొగడడం సుఖమా అని దాని ప్రశ్న. ‘బంధన’, ‘యుత’ కలిసి ఏర్పడిన సమాసం అది. ఊపిరి కోసం ‘బంధ’ దగ్గర ఆగి, ‘నయుత’ అని మళ్లీ ఎత్తుకుంటే అర్థం చెదిరిపోతుంది. మొదటి కాలంలో ఈ విరుపు వెంటనే తెలుస్తుంది. రెండవ కాలంలో వేగం దాన్ని కప్పేస్తుంది కాబట్టి అక్కడ మరింత శ్రద్ధగా వినాలి. ఆ పాదం ఎన్ని రకాలుగా మారినా ‘నరస్తుతి’ అన్న మాట స్పష్టంగా చెవిన పడుతోందా లేదా అన్నది నేను తప్పకుండా గమనిస్తాను. కృతి మొత్తం బరువు ఆ మాట మీదే ఉంది.

అయితే వినిపించిన ప్రతి విరుపూ గాయకుడి తప్పు కాదు. అదే చరణంలో ‘దమ శమమను’, ‘కర్దమ దుర్విషయ’, ‘మమత బంధనయుత’, ‘సుమతి త్యాగరాజ’ అన్న పాదాలను వరుసగా రాసుకొని చూడండి. పాదంలో రెండవ అక్షరం ‘మ’ కావాలన్న ప్రాస నియమం మూడు పాదాల్లో నేరుగా కుదురుతుంది. రెండవ పాదంలో మాత్రం ‘కర్’ను పక్కన పెట్టి ‘దమ’ నుంచి లెక్కిస్తేనే కుదురుతుంది. కాబట్టి అక్కడ ‘కర్’ ముందు పాదం చివరకు అతుక్కున్నట్టు వినిపిస్తే, ఆ కూర్పు వాగ్గేయకారుడి ప్రాసలోనే ఉందని గ్రహించాలి. దీన్ని తెలుసుకోకుండా ‘గాయని పదాలను విరిచారు’ అని రాయడం అన్యాయం. అందుకే కచేరీకి వెళ్లే ముందు ప్రసిద్ధమైన కృతుల సాహిత్యాన్ని ప్రాసతో సహా చదువుకోండి. తమిళ లిపిలో సాహిత్యం రాసుకొని నేర్చుకున్నవారికి క-గ, త-ద, ప-బ భేదాలు ఆ లిపిలో కనిపించవన్నది కూడా మనసులో పెట్టుకోండి. ఉచ్చారణ దోషాన్ని చెప్పవలసిందే, కానీ కారణం తెలిసినవాడు దాన్ని నిందగా చెప్పడు.

తాళం మీ చేతిలోనే ఉండాలి. మిశ్రచాపుకు ‘తకిట తకధిమి’ అని ఏడు అక్షరాలు లెక్కపెట్టుకుంటూ, పాదం ఎత్తుగడ ప్రతి ఆవర్తంలోనూ అదే చోట పడుతోందా అని చూడండి. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కూర్చుంటే మీ చుట్టూ తాళం వేసేవారు ఉంటారు; వారిని చూసి మీ చేతిని మార్చుకోవద్దు. రవీంద్రభారతి వంటి పెద్ద ప్రేక్షాగారంలో మీకు చేరేది మైకు దాటి వచ్చిన గొంతు. స్పీకరుకు దగ్గరగా కూర్చుంటే మృదంగం మాటలను మింగేయవచ్చు. గాయకుడి ఉచ్చారణ అస్పష్టమని తీర్పు చెప్పే ముందు, విరామంలో కుర్చీ మారి మరొక కృతి విని చూడండి.

ఇక రాయడం. ‘శ్రోతలను ఓలలాడించారు’, ‘మంత్రముగ్ధులను చేశారు’, ‘వాయులీనంపై, మృదంగంపై చక్కగా సహకరించారు’ అన్న వాక్యాలు ఏ కచేరీకైనా అతుకుతాయి, అందుకే ఏ కచేరీ గురించీ ఏమీ చెప్పవు. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం, శాలువా సత్కారం నివేదికకు చెందినవి. అవి విమర్శకు దక్కవలసిన చోటును తినేస్తుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఈ పాఠం కోసం కల్పించిన ఒక పేరా చూడండి:

“చరణంలో ‘మమత బంధనయుత’ దగ్గర నెరవల్ ఎత్తుకున్నారు. తొలి ఆవర్తాలు మధ్యస్థాయి గాంధారం చుట్టూనే తిరిగాయి. పాదంలో ఒక్క మాటా విరగలేదు. రెండవ కాలంలో ‘బంధ’ దగ్గర ఊపిరి తీసుకోవడంతో సమాసం రెండు ముక్కలైంది. వయొలిన్ విద్వాంసురాలు తన వంతులో ఆ పాదాన్ని ఒకే కమానులో అందించి, విరుపును సరిదిద్దారు. మృదంగం ఈ భాగమంతటా నాదం తగ్గించి సాహిత్యానికి దారి ఇచ్చింది.”

ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేదు, తిట్టు మాటా లేదు. అయినా పాఠకుడికి గాయకుడి బలం, బలహీనత, పక్కవాద్యాల వివేకం తెలిసిపోయాయి. దీని తరువాత మీరు ‘మొదటి కాలం నెరవల్ ఈ కచేరీలో ఉత్తమ భాగం’ అని తీర్పు రాస్తే దానికి ఆధారం పైనే ఉంటుంది. వర్ణన ముందు, తీర్పు తరువాత అన్న ఈ క్రమాన్ని కనీసం తొలి సంవత్సరమైనా తప్పవద్దు.

వచ్చే పాఠం లోపల చేయవలసిన అభ్యాసం ఇది. ఇద్దరు గాయకులు ఇదే పాదానికి చేసిన నెరవల్ రికార్డింగులను సంపాదించండి. ఒక్కొక్కదాన్ని మొదట తాళం వేస్తూ, రెండవసారి సాహిత్యాన్ని మాత్రమే పట్టించుకుంటూ, మూడవసారి వయొలిన్‌ను మాత్రమే అనుసరిస్తూ వినండి. తరువాత పేర్లు రాయకుండా ఒక్కొక్కరి మీద ఒక్కొక్క పేరా రాసి, ఆ రికార్డింగులు తెలిసిన మిత్రుడికి చూపించండి. ఏ పేరా ఎవరిదో ఆయన పోల్చుకోలేకపోతే మళ్లీ వినండి, మళ్లీ రాయండి. తరువాతి పాఠంలో రాగం తానం పల్లవిని మొదలుపెడదాం. అప్పటికి ఈ రెండు పేరాలు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి.