ఎండల్లో గండికోటకు క్యారవాన్: ఫ్రిజ్‌కు గాలి ఆడుతోందా?

కడప జిల్లాలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. క్యారవాన్, అంటే లోపలే ఉండి పడుకునే బండి తీసే ముందు ఇవి చూడండి.

గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ అయితే బయటి గోడకున్న జాలీలను ఎప్పుడూ మూయకండి. ఫ్రిజ్ గ్యాస్ మంట పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి చేరితే ప్రాణానికే ముప్పు, దానికి వాసన కూడా ఉండదు. ఆ వాయువును పసిగట్టే డిటెక్టర్ బటన్ నొక్కి పరీక్షించండి. పిల్లలు నిద్రపోయే బండి, ఇందులో రాజీ వద్దు.

ఈ రకం ఫ్రిజ్‌కు బండి మట్టంగా ఆగాలి. బాగా ఒరిగితే లోపల చల్లబరిచే అమ్మోనియా సరిగా తిరగదు, కూలింగ్ యూనిట్ పాడైపోవచ్చు.

కింది జాలీలోంచి గాలి వచ్చి, పైదాంట్లోంచి వేడి పోవాలి. కందిరీగ గూళ్లు, దుమ్ము తీయించండి.

ఇంట్లో ఫ్రిజ్‌లా కరెంటుతో నడిచే కంప్రెసర్ ఫ్రిజ్ అయితే, వేడి పోవడానికి దాని వెనక సామాన్లు కుక్కకండి.

మధ్యాహ్నం ఫ్రిజ్ ఉన్న వైపు నీడలో ఉండేలా ఆపండి.